సోమవారం దాకా ఆగొచ్చా?

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఉన్నది ముగ్గురం. పోట్లాడుకున్నది మాత్రం నాలుగు వేల మందిమి.

నేను మందుల షాపులో ఫార్మసిస్టుని. మా ఆయన ఒక బీమా ఆఫీసులో కంప్యూటర్లు చూస్తారు. మూడో మనిషి మా అక్క. కిడ్నీలు రెండూ పాడైనప్పటి నుంచి మా దగ్గరే ఉంటోంది. మంగళ, గురు, శనివారాలు పొద్దున్నే డయాలసిస్ సెంటరుకి నేనే తీసుకెళ్తాను. ఇక నాలుగు వేల మంది సంగతి. తొమ్మిదేళ్ళ కిందట అక్క పోరు పడలేక మా ఆయన ఇంటర్నెట్‌లో ఒక చర్చావేదిక తయారుచేసి పెట్టారు. కిడ్నీ జబ్బువాళ్ళూ వాళ్ళ ఇంట్లోవాళ్ళూ చేరి మాట్లాడుకోవడానికి. దానికి 'వరండా' అని పేరు పెట్టింది అక్కే. ఆసుపత్రి వరండాలో బెంచీల మీద కూర్చుని కష్టం సుఖం చెప్పుకున్నట్టు ఉండాలంది. అందులో గదుల్లేవు, తలుపుల్లేవు. ఒకటే పొడుగాటి పేజీ. ఎవరైనా అడగొచ్చు, ఎవరైనా జవాబు చెప్పొచ్చు.

పేరుకి నిర్వాహకురాలిని నేను. జనానికి కావలసింది మాత్రం అక్క. జబ్బు సంగతి కొత్తగా తెలిసి, కాళ్ళ కింద నేల కదిలిపోయి వచ్చినవాళ్ళని "రండి, కూర్చోండి, నాకూ మొదటి వారం ఇలాగే ఉండింది" అని పలకరించేది. ఆ ఒక్క పలకరింపు కోసం ఏళ్ళ తరబడి వరండాని వదలనివాళ్ళు ఉన్నారు.

మార్చి నెలలో ఒక పోస్ట్‌మ్యాన్ అడిగాడు. డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు, చప్పిడి కూడు గొంతు దిగడం లేదు, ఏం చెయ్యమంటారని. డ్రాయింగ్ మాస్టారు జవాబిచ్చారు. ఆయన బళ్ళో బొమ్మలు నేర్పి రిటైరైన మనిషి. భార్యని ఇదే జబ్బుతో పోగొట్టుకున్నా వరండా మాత్రం వదల్లేదు. రోజూ పదిమందికి ధైర్యం చెప్పందే ఆయనకి పొద్దు గడవదు. "సోడియం తక్కువుండే ఉప్పని ఒకటి దొరుకుతుంది నాయనా, అది వాడు. రుచికి రుచి, మంచికి మంచి" అని రాశారు. ఇరవై రెండు మంది కింద బొటనవేలు బొమ్మలు పెట్టారు.

ఆ ఉప్పులో సోడియం బదులు పొటాషియం వేస్తారు. కిడ్నీలు పనిచేసేవాళ్ళకి ఫరవాలేదు. మావాళ్ళకి అది విషంతో సమానం, గుండె ఆగిపోతుంది. నేను చూసి వద్దని రాసేసరికి నాలుగు రోజులు గడిచిపోయాయి. పోస్ట్‌మ్యాన్ పదకొండు రోజులు ఐసీయూలో ఉండి ఇంటికి వచ్చాడు. మాట సరిగ్గా రావడం లేదని, పిల్లల పేర్లు మర్చిపోతున్నాడని వాళ్ళావిడ రాసింది.

"నేను మంచికే చెప్పానమ్మా" అన్నారు మాస్టారు ఫోన్లో.

"నాకు తెలుసు మాస్టారూ" అన్నాను.

నన్ను భయపెట్టింది అదే. చెడ్డవాడు చేసిన పనైతే వాణ్ణి బయటికి పంపితే పోయేది.

నెల రోజులు ఆలోచించి ఒక పద్ధతి తయారుచేశాను. డయాలసిస్ వార్డులో ముప్పై ఏళ్ళు పనిచేసి మానేసిన నర్సమ్మ ఒకావిడ వరండాలో ఉంది, ఆవిడతో మాట్లాడాను. మా ఆయనతో మాట్లాడాను. వరండాని రెండు గదులు చేశాం. మాటల గదిలో ఎవరేం మాట్లాడుకున్నా సరే. మందులూ తిండీ జబ్బూ గురించిన గదిలో మాత్రం ప్రశ్న గానీ జవాబు గానీ నేరుగా కనపడదు. ముందు క్యూలోకి వస్తుంది. నేనో నర్సమ్మో చదివి పంపితేనే పేజీ ఎక్కుతుంది. ఏప్రిల్ చివర్లో ఒక ఆదివారం పొద్దున నోటీసు పెట్టాను. అక్కకి చెప్పలేదు. చెప్పాలనుకుంటూనే రోజులు దాటేశాను.

నేను వంటింట్లో కూరగాయలు తరుగుతుంటే అక్క ఫోను పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏమే, పక్క గదిలో పడుకునే దానికి కూడా నోటీసేనా?"

"చెప్తే ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకోకపోతేనే కదా మాట్లాడుకోవడం! ఒప్పుకునేవాళ్ళతో మాటలెందుకు?"

"పోస్ట్‌మ్యాన్ సంగతి చూశావుగా అక్కా."

"చూశాను. ఏడ్చాను కూడా. అయితే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? మాస్టారికి నచ్చజెప్పు. తప్పు జవాబు కింద ఎర్రక్షరాలతో రాయి. అంతే గానీ నాలుగు వేల మంది నోళ్ళకి తాళం వేస్తావా?"

"తాళం కాదు. చదివి పంపుతాం, అంతే."

"ఎప్పుడు చదువుతావు? షాపు కట్టేసి, ఇంటికొచ్చి, తిని, తీరిక చిక్కాకా? పొద్దున లేచేసరికి కాలు వాచి ఉంటుంది నాకు. అప్పుడేస్తుంది భయం. నీ తీరిక చూసుకుని వెయ్యదు."

కత్తి పక్కన పెట్టాను. "ఉన్నపళంగా తప్పు జవాబు రావడం కంటే, ఆలస్యంగానైనా సరైనది రావడం నయం కాదా?"

"నువ్వు కౌంటరుకి అవతల నిలబడి మాట్లాడుతున్నావు" అంది అక్క. లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాటి నుంచి మొదలైంది. మాటల గది నిండా నా మీద మాటలే. జైలన్నారు. ఆసుపత్రి వాళ్ళకి అమ్ముడుపోయానన్నారు. నాకు 'తాళంచెవి' అని పేరు పెట్టారు. "తాళంచెవి గారూ, తుమ్మొచ్చింది, తుమ్మమంటారా?" అని ఒకతను రోజూ పొద్దున్నే రాసేవాడు. మొదటి నాలుగు రోజులు నాకూ నవ్వొచ్చింది. మాస్టారు ఓటింగు పెట్టారు. పదిమందిలో తొమ్మిది మంది పాత పద్ధతే కావాలన్నారు. ప్రాణాల మీది విషయానికి ఓట్లేమిటని నేను రాశాను. ఆ ఒక్క వాక్యానికి మూడొందల జవాబులు వచ్చాయి. అన్నిటికంటే పైన ఉన్నది అక్క రాసినది: "ఆ ప్రాణాలు మావి."

ఇంట్లో మాటలు బంద్. మధ్యలో నలిగిపోయింది మా ఆయన.

"వదినా, ఇవాళ నీళ్ళెన్ని తాగారని అడుగుతోంది మీ చెల్లెలు."

"మూడు గ్లాసులని చెప్పండి. అది కూడా క్యూలో పెట్టి పంపమంటుందేమో కనుక్కోండి."

పక్క పక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళం. ఆయన అటు తిరిగి ఒకసారి, ఇటు తిరిగి ఒకసారి చెప్పేవారు. డయాలసిస్‌కి మాత్రం నేనే తీసుకెళ్ళేదాన్ని. ఆటోలో ఆ చివర తను, ఈ చివర నేను. మధ్యలో తన సంచి.

మే నెల మూడో వారంలో మాస్టారూ అక్కా కలిసి ఒక ఉపాయం వేశారు. గురువారం నాడు అందరూ క్యూ నింపాలి. ఏదో ఒకటి రాయాలి, రాస్తూనే ఉండాలి. పనికిరానిదని పైకి తెలిసిపోకుండా ప్రశ్నలాగే రాయాలి. మోయలేక తాళంచెవే తలుపు తీస్తుందని వాళ్ళ లెక్క.

ఆ రోజు అక్కని సెంటర్లో దింపి షాపుకి వెళ్ళాను. ఎడమ చేతికి రెండు సూదులు గుచ్చి ఉండగా, నాలుగు గంటలపాటు కుడిచేత్తో అక్క రాస్తూనే ఉందని తర్వాత అక్కడి టెక్నీషియన్ చెప్పాడు. మధ్యాహ్నానికి నర్సమ్మ ఫోన్ చేసింది.

"నాలుగొందలు దాటాయమ్మా. నా వల్ల కావడం లేదు. 'అన్నం తినొచ్చా', 'నిద్రపోవచ్చా', ఇవే."

"వదిలెయ్యండి. నిండనివ్వండి."

"నిజమైనవి ఏమైనా ఉంటే?"

కౌంటరు ముందు ఆరుగురు నిలబడి ఉన్నారు. పొద్దున్నుంచి ఫోను జేబులో కొట్టుకుంటూనే ఉంది, ప్రతిసారీ ఒక వెటకారం. నాకు ఒళ్ళు మండిపోయింది.

"నిజంగా అవసరమైనవాళ్ళు డాక్టరుకి ఫోన్ చేసుకుంటారు. రెండు రోజులు మనం ముట్టుకోవద్దు. మీరూ చూడకండి. అప్పుడు తెలుస్తుంది వీళ్ళకి."

"నీ ఇష్టం తల్లీ" అంది ఆవిడ.

శుక్రవారం నేను క్యూ తెరవలేదు. తెరవకుండా ఉండటం గెలుపులాగే ఉండింది. అబద్ధమెందుకు, ఆ రోజు షాపులో పాట పాడుకున్నాను.

శనివారం సెలవు పెట్టి అక్క మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. సెంటర్లో పన్నెండు మంచాలు, పన్నెండు మిషన్లు. అక్క గోడవైపు తల తిప్పుకుంది. నేను ఫోన్లో క్యూ తెరిచాను. తొమ్మిదొందల పన్నెండు. అన్నీ ఒకేసారి తుడిచెయ్యడానికి ఒక బటన్ ఉంది. వేలు దాని మీద దాకా వెళ్ళింది. నర్సమ్మ మాట గుర్తొచ్చి ఆగాను. కొత్తవి పైన, పాతవి కింద. చదువుతూ ఒక్కొక్కటే తీసేస్తున్నాను.

పైనుంచి ఆరోదో ఏడోదో ఇలా ఉంది. ఆ రోజు పొద్దున ఎనిమిదింటికి రాసింది.

"మొన్న ఒక ప్రశ్న అడిగాను. ఇప్పుడు అవసరం లేదు. తీసేయండి. మీకు శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోకండి."

పోనీలే, ఎక్కడో జవాబు దొరికినట్టుంది అనుకున్నాను. మంచి మర్యాదస్తురాలు అని కూడా అనుకున్నాను. అయినా ఏమడిగిందో చూద్దామని కిందికి వెళ్ళాను. చాలా కిందికి వెళ్ళాల్సి వచ్చింది. అన్నం తినొచ్చా. నిద్రపోవచ్చా. తుమ్మొచ్చా. గురువారం పొద్దున పదకొండూ ఇరవై దగ్గర అదే పేరు కనపడింది.

"మా ఆయనకి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఇవాళ మిషను చెడిపోయిందని సోమవారం రమ్మన్నారు. పొద్దున్నుంచి కాళ్ళు బరువుగా ఉన్నాయంటున్నాడు. మెట్లు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయాడు. గుండె ఆగి ఆగి కొట్టుకుంటోంది అంటున్నాడు. సోమవారం దాకా ఆగొచ్చా? కొంచెం చెప్పండి. మాకు తెలిసినవాళ్ళెవరూ లేరు."

చేరేటప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరు నిర్వాహకులకి కనపడుతుంది. బయట నడవాలోకి వెళ్ళి చేశాను. ఒక మగగొంతు పలికింది. ఆవిడ తమ్ముడట.

"మీ బావగారికి ఎలా ఉందని..."

"నిన్న మధ్యాహ్నం పోయాడండీ. మీరెవరు?"

నేనెవరినో చెప్పలేకపోయాను. "తెలిసినవాళ్ళం" అన్నాను. పెట్టేశాను.

లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుని, ఫోను అక్క ముఖానికి ఎదురుగా పట్టుకున్నాను. ముందు పదకొండూ ఇరవైది. తర్వాత రెండోది. మూడు వారాల తర్వాత తనతో నేరుగా అన్న మొదటి మాట "నిన్న పోయాడు" అన్నదే.

అక్క చదివింది. మళ్ళీ పైకి జరిపి చదివింది. లేచి కూర్చోబోయింది. మిషను కూతపెట్టింది. టెక్నీషియన్ పరుగెత్తుకొచ్చి, "చెయ్యి కదపకూడదమ్మా, తెలుసుగా మీకు" అని గొట్టం సరిచేశాడు. అక్క మళ్ళీ పడుకుంది. ఇంకా గంటా పది నిమిషాలు ఉంది. ఆ గంటా పది నిమిషాలూ కదలకుండా పైకప్పు వైపు చూస్తూ ఉండిపోయింది. నేను మిగతా క్యూ చదివాను. నిజమైనవి ఇంకో పదకొండు దొరికాయి. అన్నిటికీ అక్కడే జవాబులు రాశాను. ఆ పదకొండు మందీ బతికే ఉన్నారు.

ఇలాంటి సంగతి దాగదు. నర్సమ్మ చెప్పిందో, ఆ తమ్ముడే వచ్చి అడిగాడో, సోమవారానికి వరండా అంతా పాకింది. గొడవ చల్లారుతుందనుకున్నాను. గోరుచుట్టు మీద రోకలిపోటైంది. క్యూ పెట్టినందుకే చచ్చాడని సగం మంది, క్యూ నింపినందుకే చచ్చాడని సగం మంది. అతని పేరు పట్టుకుని ఇటువాళ్ళు అటువాళ్ళని కొట్టారు, అటువాళ్ళు ఇటువాళ్ళని. మాస్టారు మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. పద్దెనిమిది వందల మంది విడిపోయి వేరే వేదిక పెట్టుకున్నారు. రమ్మని పిలిస్తే మాస్టారు వెళ్ళలేదు, ఇక్కడా కనపడలేదు. ఎక్కడా ఎవరికీ ఏమీ చెప్పడం లేదని తర్వాత తెలిసింది.

నేను రాజీనామా రాసి మా ఆయనకి చూపించాను. ఆయన చదివి, "నువ్వు పోతే క్యూ ఎవరు చూస్తారు?" అన్నారు. కోపంగా కాదు, నిజంగా తెలియక అడిగినట్టు. చించేశాను.

గదులు ఉంచాం. ప్రశ్నల్ని క్యూలోంచి తీసేశాం. ఇప్పుడు ఎవరేమడిగినా వెంటనే కనపడుతుంది, జవాబులు మాత్రమే ఆగుతాయి. పొద్దున ఆరు నుంచి ఎవరో ఒకరు వంతుల ప్రకారం చూస్తారు. మొదట్లోనే ఇలా చెయ్యొచ్చు. అక్కతో ఒక్క పూట కూర్చుని పోట్లాడి ఉంటే ఇక్కడికే వచ్చేవాళ్ళం. చేతులు కాలాక దొరికిన ఆకులివి.

అతను పోయిన పద్దెనిమిదో రోజున అక్క, "వాళ్ళ చిరునామా కనుక్కో" అంది.

మర్నాడు వెళ్ళాం. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అక్క ప్రతి మలుపులోనూ ఆగి గోడ పట్టుకుంది. అతను కూర్చుండిపోయిన మెట్టు ఏదై ఉంటుందా అని చూస్తూ ఎక్కాను. ఆవిడ అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేస్తుంది. చేతివేళ్ళ నిండా అట్ట కోసుకున్న గీతలు. రెండు గదులు. గోడ పక్కన అతని కుట్టుమిషను, సగం కుట్టిన సోఫా గుడ్డ దాని మీదే ఉంది. సోఫాలకి గుడ్డ కుట్టేవాడట.

కూర్చోమంది. మంచినీళ్ళు తెచ్చింది. అక్క గ్లాసు అందుకుని తాగకుండా ఒళ్ళో పెట్టుకుంది.

"మీ ప్రశ్న నా దగ్గరికే వచ్చింది" అన్నాను. "నేను చూడలేదు. కావాలనే రెండు రోజులు చూడలేదు."

"చూడ్డానికి వీల్లేకుండా చేసింది నేను" అంది అక్క. "ఉత్తుత్తి ప్రశ్నలు నింపించాను."

ఆవిడ మా ఇద్దరి ముఖాలూ చూసింది. "ఎందుకూ?"

నేను గదుల గురించి మొదలుపెట్టాను. క్యూ ఎందుకు పెట్టామో, ఓటింగు, వాళ్ళ కోపం, నా కోపం. చెబుతుంటే నా చెవులకే ఎవరివో చిన్నపిల్లల తగువులాగా వినపడింది. మధ్యలో ఆపేశాను.

"మీరేం చెప్తున్నారో నాకు తెలియడం లేదండీ" అంది ఆవిడ. "గదులేంటో, క్యూ ఏంటో. నేను ఆ రోజే చేరాను. పక్కింటావిడ చెప్పింది, అక్కడ మంచివాళ్ళుంటారు అడుగు అని. ఒక్కటి చెప్పండి. చూసి ఉంటే ఏం రాసేవాళ్ళు?"

"సోమవారం దాకా ఆగొద్దు, ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి అని" అంది అక్క.

"అంతేనా?"

"అంతే."

ఆవిడ తలూపింది. "నేనూ అదే అన్నాను. ఊరికే కంగారు పడతావు, ఏమీ తెలియదు నీకు అన్నాడు. సరే, తెలిసినవాళ్ళని అడుగుతాను అన్నాను. అడిగావా, ఏమన్నారు, అని రెండుసార్లు అడిగాడు కూడా. మీరు చెప్పి ఉంటే ఆసుపత్రికి వచ్చేవాడు. నా మాట వినడు గానీ, బయటివాళ్ళ మాట వింటాడు."

నేను అక్క ఒళ్ళోంచి గ్లాసు అందుకుని కింద పెట్టాను.

లేచి వచ్చేస్తుంటే గుమ్మం దగ్గర అడిగింది.

"అది తీసేశారా? నేను రాసింది?"

"ఇంకా లేదు. ఇవాళ తీసేస్తాం."

"వద్దులెండి. ఉండనివ్వండి. కింద జవాబు కూడా రాయండి. ఆయనలాంటి మొండివాళ్ళు ఇంకా ఉంటారుగా."

ఇంటికొచ్చాక అక్క చెప్పులు కూడా విప్పకుండా కంప్యూటరు ముందు కూర్చుంది. ఏం రాయాలో నేను చెప్పబోయాను. పొటాషియం పెరిగితే కండరాలు ఎందుకు బలహీనపడతాయో, గుండె ఎందుకు తడబడుతుందో. వింది. చివరికి తన మాటల్లోనే రాసింది. "ఆగకండి. ఇప్పుడే పెద్దాసుపత్రికి బయల్దేరండి. ఆయన వద్దంటే, ఇక్కడివాళ్ళందరూ వెళ్ళమన్నారని చెప్పండి." కింద తన పేరూ నా పేరూ పెట్టింది. మా ఆయన వెనక నిలబడి చదివారు.

అది పేజీ ఎక్కింది. ప్రశ్న పక్కన మే నెల తేదీ, జవాబు పక్కన జూన్ నెల తేదీ.

"వదినా, తేదీలు కనపడకుండా చేసెయ్యనా? రెండు నిమిషాల పని" అన్నారాయన.

"వద్దు" అంది అక్క. "కనపడనీ."